గోడ లైటు కొనేముందు తేల్చుకోండి: పోతే బల్బు మారుద్దామా, లైటే మారుద్దామా

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఏ ఎలక్ట్రికల్ షాపుకు పోయి గోడ లైట్లు చూపించమన్నా, ఒక గోడ మొత్తం వెలిగించి చూపిస్తారు. అన్నీ బాగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ గోడకు నల్లగానో చెక్క రంగులోనో ప్యానెల్ కొట్టి చుట్టూ కాస్త చీకటి ఉంచుతారు. అదే లైటు మన హాల్లో తెల్ల గోడ మీద, పక్కన ట్యూబులైటు వెలుగుతుండగా చూస్తే ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. కాబట్టి డిజైనుతో మొదలుపెట్టొద్దు. షాపాయన్ని ముందు ఒకటే అడగండి: "అన్నా, ఇది పోతే బల్బు మార్చుకుంటే చాలా, లైటంతా మార్చాల్నా?" మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

గోడ లైట్లు ఎన్ని రకాలున్నా లోపల చూస్తే రెండే. ఒకదాంట్లో హోల్డర్ ఉంటుంది, బల్బు మనమే పెట్టుకుంటాం. మనిళ్లలో మామూలుగా ఉండే పిన్ను హోల్డర్‌ను బి22 అంటారు, మర తిప్పి బిగించేది ఈ27, సన్నటి క్యాండిల్ బల్బులు పట్టేది ఈ14. రెండోదాంట్లో ఎల్ఈడీ చిప్పులు లోపలే అతికించి వస్తాయి. సన్నగా, అందంగా ఉంటుంది, షాపువాళ్లు ఎక్కువగా చూపించేది కూడా దీన్నే. డబ్బా మీద 25,000 గంటలు అని రాసుంటుంది. రోజుకు 6 గంటలు వేసినా 11 ఏళ్లు దాటి రావాలన్నమాట. కానీ ఆ లెక్క చిప్పులది. చిప్పులకు కరెంటును సర్ది పంపే డ్రైవర్ అని చిన్న సర్క్యూట్ ఒకటి ఉంటుంది, దాంట్లోని కెపాసిటర్ వేడికి మెల్లగా ఎండిపోతుంది, చాలాసార్లు చిప్పుల కంటే ముందు పోయేది డ్రైవరే. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఎండ తిన్న పడమటి గోడ మీద రాత్రి భోజనాలయ్యాక చెయ్యి పెట్టినా ఇంకా వెచ్చగా తగులుతుంది. అట్లాంటి గోడకు అతుక్కుని గాలాడని రేకు డబ్బాలో కూర్చున్న డ్రైవర్ 11 ఏళ్లు బతుకుతుందని నేనైతే నమ్మను.

డ్రైవర్ విడిగా మార్చుకునే వీలుంటే పర్వాలేదు. దాని మీద వాట్లు, మిల్లీయాంపులు, ఓల్టుల రేంజి రాసుంటుంది, అవే అంకెలున్నది తెచ్చి వేస్తే లైటు మళ్లీ వెలుగుతుంది. చవక రకాల్లో మాత్రం డ్రైవర్, చిప్పులు కలిపి ఒకే ప్లేటు మీద వేసేస్తారు, అది పోయిందంటే అంతా చెత్తే. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది: హాల్లో ఒకే రకం లైట్లు జంటగా పెట్టించుంటారు, వాటిలో ఒకటి పోతుంది, షాపుకు పోతే ఆ మోడల్ ఎప్పుడో ఆగిపోయింది అంటారు. ఒక్క లైటు కోసం రెండూ పీకాలి, కొత్తవాటి రంధ్రాలు పాతవాటితో కలవవు, పుట్టీ, పెయింటు, మళ్లీ పని.

అందుకే నా మాట ఇది. రోజూ వెలిగే చోట, అంటే హాలు, వరండా, మెట్లు, పడకగది, హోల్డర్ ఉన్న లైటే తీసుకోండి. 9 వాట్ల బల్బు వంద రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, ఇంట్లో ఎవరైనా మార్చేస్తారు, రంగు నచ్చకపోయినా బల్బు మారిస్తే సరి. చిప్పులు లోపలే ఉండే రకం రెండు చోట్ల తీసుకోవచ్చు: వాన పడే గోడకు, ఎందుకంటే పూర్తిగా సీల్ చేసిన మంచి లైట్లు ఎక్కువగా ఆ రకంలోనే వస్తాయి; ఇరుకు నడవాకు, ఎందుకంటే అక్కడ ముందుకు పొడుచుకొచ్చేది ఏదైనా భుజానికి తగులుతుంది.

హోల్డర్ లైటుకూ ఒక లోపముంది, అదీ చెప్పాలి. గాజు బుడ్డి చుట్టూ మూసుకుని ఉండే మోడల్ అయితే బల్బు వేడి బయటికి పోదు. దాంట్లో 9, 12 వాట్లవి పెట్టి ఏడాదికే పోయిందని బల్బును తిడుతుంటారు. మూసిన గాజులో 5 వాట్లు, మహా అయితే 7 వాట్లు చాలు. కరెంటు బిల్లు గురించి మాత్రం దీంట్లో పెద్దగా ఆలోచించే పని లేదు: 10 వాట్ల లైటు రోజుకు 6 గంటలు వెలిగితే నెలకు 1.8 యూనిట్లు, 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులైటు అయితే 3.6 యూనిట్లు.

పాయింటు ఎక్కడుందో చూసి కొనండి

కొత్త ఇల్లు కట్టేటప్పుడు వైరింగ్ అబ్బాయి లైటు పాయింట్లు లింటెల్‌కు కాస్త పైన, నేల నుంచి ఏడడుగుల పైమాటే వదులుతాడు. ట్యూబులైటుకు అది సరైన ఎత్తు. అలంకారం బ్రాకెట్ లైటును అదే పాయింటుకు బిగిస్తే కింద నిలబడ్డవాళ్లకు బల్బు అడుగు భాగం కనిపిస్తుంది, వెలుగేమో సీలింగుకు పోతుంది. బ్రాకెట్ లైటు మధ్యభాగం నేల నుంచి ఐదున్నర, ఆరడుగుల మధ్య ఉండాలి. మంచం పక్కన చదువుకునేదానికైతే పరుపు మీద నుంచి రెండడుగుల ఎత్తు చాలు. ఇల్లు ఇంకా పూత దశలో ఉంటే ఇప్పుడే చెప్పి పాయింటు దించమనండి, గాడి కొట్టి పైపు వేయడానికి పెద్ద పని కాదు. రంగులన్నీ అయిపోయిన ఇల్లయితే ఉన్న ఎత్తుకు సరిపోయే లైటునే వెతుక్కోండి, ఒక్క లైటు కోసం గోడ చీల్చొద్దు.

ఇంకో చిన్న విషయం, షాపులో ఎవరూ చెప్పరు. పాయింటు దగ్గర గోడలో బాక్సు పూడ్చి ఉంటుంది, పైన తెల్ల ప్లేటు. దాన్ని టేపుతో కొలిచి రాసుకుని పొండి. లైటు వెనక బేస్ దానికంటే చిన్నదైతే బిగించాక బాక్సు అంచు, పగిలిన పుట్టీ పక్కనుంచి తొంగిచూస్తాయి. పైగా బేస్ బిగించే స్క్రూలు సరిగ్గా బాక్సు ఖాళీలోకి వచ్చిపడతాయి, పట్టు దొరకదు. ఫోటోలో చూసి ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్లు లైటు పొడవు చూస్తారు గానీ బేస్ కొలత చూడరు.

హాల్లో ట్యూబులైటు తీసేసి గోడ లైట్లతోనే సరిపెట్టొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. సరిపోదు. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు ఇచ్చే 2,000 ల్యూమెన్లు (వెలుగును కొలిచే లెక్క) నేరుగా గదిలోకి వస్తాయి. 7 వాట్ల బల్బు ఇచ్చేదే దాంట్లో మూడో వంతు, అందులోనూ సగం షేడ్ మింగేస్తుంది. పిల్లలు చదువుకునే, బియ్యం ఏరుకునే హాలుకు ట్యూబు ఉండాల్సిందే, గోడ లైటు టీవీ చూసేటప్పుడు, రాత్రి పొద్దుపోయాక చుట్టాలతో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు. రెండింటికీ వేర్వేరు స్విచ్చులు పెట్టించుకోండి.

బయట గోడకు లెక్క వేరు

మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. గాలితో కలిసి పక్కనుంచి గోడను కొడతాయి. 2021 నవంబరు వానల్లో తిరుపతి ఎట్లా మునిగిందో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అందుకే బయటి లైటుకు ముందు చూడాల్సింది ఐపీ నంబరు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఐపీ 20 ఇంట్లోకి మాత్రమే. ఐపీ 44 చిందే నీళ్లకు తట్టుకుంటుంది, లోతైన సన్‌షేడ్ కిందికి సరిపోతుంది. వాన నేరుగా కొట్టే గోడకు, కాంపౌండు గోడకు ఐపీ 65 తక్కువ కాకూడదు.

నంబరు ఉన్నంత మాత్రాన అయిపోలేదు, నీళ్లు ఎక్కువగా దూరేది వైరు వచ్చే రంధ్రం నుంచి, గోడకూ బేస్‌కూ మధ్య సందు నుంచి. బిగించాక పైన, రెండు పక్కలా సిలికాన్ సీలెంట్ రాసి కింద మాత్రం వదిలేయమనండి. కొందరు చుట్టూ మూసేస్తారు, అప్పుడు లోపల చేరిన చెమ్మకు దారి ఉండదు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి తెచ్చుకోండి, లైటుతో పాటు వచ్చే పూత స్క్రూలు తుప్పు పట్టి గోడ మీద ఎర్ర చారలు దిగుతాయి.

ఇక మోడళ్లు. బయటికి అందరూ చూసేవి మూడు: మూత వేసి గుండ్రంగానో కోలగానో ఉండే బల్క్‌హెడ్, పైకీ కిందికీ వెలుగు చిమ్మే అప్-డౌన్, గోడ నుంచి పొడుచుకొచ్చే లాంతరు మోడల్. నా ఓటు బల్క్‌హెడ్‌కే. చూడ్డానికి బస్టాండు బాత్రూము లైటు మాదిరి ఉందని ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు, నిజమే, అందం తక్కువ. కానీ గోడకు అతుక్కుని ఉంటుంది, పాలీకార్బొనేట్ మూత అంత తేలిగ్గా పగలదు, తుడవడం సులభం. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లున్నవాళ్లకైతే వేరే మాటే లేదు, శేషాచలం కొండల నుంచి దిగే కోతులకు పొడుచుకొచ్చిన లాంతరు కనిపిస్తే అది ఊగడానికే పెట్టారనుకుంటాయి. ముందు గ్లాసు పోతుంది, తర్వాత వైరు బయటికి వస్తుంది, ఆ వైరే అసలు ప్రమాదం.

అప్-డౌన్ లైటు బాగుండాలంటే గోడ బాగుండాలి. వెలుగు గోడను రాసుకుంటూ పోతుంది కాబట్టి మేస్త్రీ తాపీ ఎక్కడెక్కడ ఆగిందో, పుట్టీ ఎక్కడ ఉబ్బిందో అన్నీ నీడలు పడి కనిపిస్తాయి. రాతి పలకలు అతికించిన గోడకు, గరుకు టెక్స్చర్ వేసిన గోడకు అదే లైటు అద్భుతంగా ఉంటుంది. మామూలు నున్నటి గోడైతే కొనేముందు రాత్రిపూట ఫోన్ టార్చిని గోడకు ఆనించి పైకి కొట్టి చూడండి, గోడ సంగతి అక్కడే తెలిసిపోతుంది.

పురుగుల గురించి ఎవరూ ముందు ఆలోచించరు. పైన తెరిచి ఉన్న గాజు గిన్నె మోడల్ వరండాలో పెట్టారనుకోండి, మొదటి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్లు వచ్చి దాంట్లోనే పడతాయి. తెల్లారి చూస్తే గిన్నె అడుగున రెక్కలు పొరగా పేరుకుని ఉంటాయి, వేడికి మాడి గాజుకు గోధుమ రంగు మరక పడుతుంది, నెల రోజులు తీయకపోతే సబ్బుతో కూడా పోదు. బయటికి మూసి ఉన్నది, లేదా కిందికి మాత్రమే వెలుగిచ్చేది తీసుకోండి. తెల్లటి కూల్ లైటుకు వచ్చినన్ని పురుగులు పసుపుపచ్చటి వార్మ్ లైటుకు రావు, ఇది కూడా లెక్కలో పెట్టుకోండి. పురుగులుంటే బల్లులుంటాయి, నెత్తిన బల్లి పడితే పంచాంగం తీసే ఇంట్లో వీధి వాకిలికి నేరుగా పైన లైటు పెట్టొద్దు, ఒక పక్కకు జరపండి.

సెన్సార్ లైటు మెట్ల దగ్గరకీ, వెనక సందుకీ పనికొస్తుంది. పీఐఆర్ సెన్సార్ కదిలే ఒంటి వేడిని పసిగడుతుంది. మే నెలలో బయటి గాలే ఒంటి వేడితో సమానంగా ఉన్నప్పుడు కాస్త మందగిస్తుంది, దగ్గరికి వచ్చేదాకా వెలగదు, పాడైందని విప్పేయొద్దు. రాడార్ రకం సెన్సార్‌కు వేడితో సంబంధం లేదు గానీ పల్చటి తలుపు అవతల కదిలినా వెలుగుతుంది, వీధి పక్కన గేటుకు పెడితే వచ్చేపోయే బండ్లన్నిటికీ వెలుగుతూనే ఉంటుంది.

రంగు, పూజ గది, అద్దం

వార్మ్ అంటే 3000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత), పసుపుపచ్చగా. నేచురల్ వైట్ 4000. కూల్ 6500, నీలం కలిసిన తెలుపు. హాల్లో గోడ లైటుకు, పడకగదికి వార్మ్. వంటగదికి నేచురల్ వైట్. ఒకే గోడ మీద రెండు రంగులు కలపకండి.

మా ఊళ్లో శ్రీవారి పటం లేని ఇల్లు ఉండదు, పెద్ద ఫ్రేము కట్టించి పైన ప్రత్యేకంగా లైటు పెట్టించుకునేవాళ్లు చాలామంది. పటానికి గాజు ఉందంటే లైటు నేరుగా ఎదురుగా ఉండకూడదు, గాజులో బల్బే కనిపిస్తుంది, స్వామి ముఖం కనిపించదు. పటం పైఅంచుకు కాస్త ముందుకు వచ్చి, వాలుగా కిందికి చూసే పిక్చర్ లైటు తీసుకోండి, వార్మ్ రంగుది. తంజావూరు పటంలో బంగారు రేకు ఈ వెలుగుకే మెరుస్తుంది, కూల్ లైటు కింద వెలవెలబోతుంది. గోడకు శ్రీకాళహస్తి కలంకారీ వేలాడదీసేవాళ్లు మాత్రం లైటును దగ్గరగా పెట్టొద్దు, గంటల తరబడి వెలిగించొద్దు. అవి ఎక్కువగా మొక్కల నుంచి తీసిన రంగులు, వెలుగు తగిలేకొద్దీ వెలుస్తాయి. పాత హాలోజన్ అయితే అసలే వద్దు. తక్కువ వాట్ల ఎల్ఈడీ, అడుగున్నర ఎడంగా.

అద్దం దగ్గర ఒకే లైటు పైన పెడితే కళ్ల కింద, గడ్డం కింద నీడ పడుతుంది. అద్దానికి రెండు పక్కలా ముఖం ఎత్తులో పెడితే సమంగా ఉంటుంది. ఇక్కడ మాత్రం డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) చూడండి, 90 ఉంటే మంచిది, 80 కంటే తగ్గితే కుంకుమ రంగు, పట్టుచీర ఎరుపు చప్పబడిపోతాయి. బాత్రూములో ఐపీ 44, షవర్‌కు దూరంగా, స్విచ్ బయట.

గోడ ఏ గోడ?

ఇటుక గోడకు 6 ఎంఎం బిట్టు, ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ, అంతే. సిమెంటు పిల్లరులో కమ్మీ తగిలితే మొండిగా పోనివ్వకుండా అంగుళం పక్కకు జరపాలి. గాలి బుడగలున్న తేలికపాటి సిమెంటు బ్లాకులైతే (ఏఏసీ అంటారు) మామూలు ప్లగ్గు తిరిగిపోతుంది, ఆ బ్లాకుల కోసమే వచ్చే పొడవాటి ప్లగ్గులు అడగండి, డ్రిల్లు కూడా కొడుతూ తిరిగే హ్యామర్ మోడ్‌లో వద్దు. టైల్ అయితే పైన టేపు అంటించి, టైల్ బిట్టుతో హ్యామర్ లేకుండా టైల్ దాటేదాకా మెల్లగా.

అసలు కష్టం పాత రాతి ఇళ్లది. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో బండరాళ్లు పేర్చి మట్టితో కట్టి, పైన సున్నమో సిమెంటో పూసిన గోడలు ఇంకా ఉన్నాయి. పైకి నున్నగా ఉంటుంది, లోపల ఎక్కడ రాయి, ఎక్కడ మట్టి అన్నది తెలియదు. మట్టి సందులో పడ్డ ప్లగ్గు చేత్తో లాగితే వచ్చేస్తుంది, రాయిలో పడితే చిన్న డ్రిల్లు వేడెక్కి ఆగిపోతుంది. అట్లాంటి గోడకు బరువైన లైటు ఎంచుకోవద్దు. లేదా ముందు ఒక టేకు చెక్కను నాలుగు చోట్ల లోతుగా బిగించి, కనీసం రెండు రాళ్లలోనైనా పట్టు దొరికేటట్టు చూసి, లైటును ఆ చెక్కకు కొట్టుకోండి. వైరు పైపులో గోడ మీదే నడుస్తుంది కాబట్టి చెక్క వికారంగా ఏమీ ఉండదు, పాత ఇంటికి నప్పుతుంది కూడా.

మనమే బిగించుకుందామా?

ఉన్న పాయింటులో పాత లైటు తీసి కొత్తది పెట్టడం చేతనైన పనే. కొత్తగా లైను లాగాలన్నా, బయటి గోడకైనా, బాత్రూముకైనా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలవండి. మీరే చేసేటట్టయితే స్విచ్ ఆపితే చాలనుకోవద్దు. పాత వైరింగులో కొన్నిచోట్ల కరెంటు వచ్చే ఫేజు వైరుకు బదులు తిరిగి పోయే న్యూట్రల్‌ను స్విచ్‌కు తెచ్చుంటారు, స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజు సజీవంగానే ఉంటుంది. మెయిన్ బోర్డులో ఆ లైనుకున్న ఎమ్‌సీబీ స్విచ్చు దించాలి, ఇంట్లో వాళ్లకు చెప్పాలి, టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, అప్పుడు ఈ పాయింటు మీద పెట్టాలి. స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటుంటే అనుమానించాల్సిన వాటిలో ఈ తారుమారు ఒకటి, స్విచ్‌లోని చిన్న ఇండికేటర్ బల్బు ఇంకొకటి.

రంధ్రం వేసేముందు స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద ఉండే గోడను వదిలేయండి, గోడ లోపలి పైపులు ఎక్కువగా ఆ దారిలోనే పోతాయి. లోహపు బాడీ లైటుకు ఎర్తు వైరు తప్పనిసరి. పాయింటులో ఆకుపచ్చ వైరు లేదంటే ప్లాస్టిక్ బాడీ లైటు కొనుక్కోండి, ఎర్తు ఊరికే వదిలేసి లోహపుది బిగించొద్దు. మెయిన్ బోర్డులో (డీబీ) కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా ఈ సందులోనే చూసుకోండి.

అద్దె ఇల్లయితే

తిరుపతిలో అద్దెకుండేవాళ్లు ఎక్కువ, గోడకు మేకు కొడితేనే ఒప్పుకోని ఓనర్లూ ఎక్కువే. ముందు అడగండి, "రంధ్రం కొత్తది వేయను సార్, ఉన్న హోల్డర్ చోటే మార్చుకుంటా" అంటే చాలామంది సరే అంటారు. లేదంటే ప్లగ్గుకు తగిలించుకునే గోడ లైట్లున్నాయి, వైరు బయటికి కనిపిస్తుంది గానీ పోయేటప్పుడు మనతో తెచ్చుకోవచ్చు. అంటించుకునే చార్జింగ్ లైట్లు అల్మారాకు, మంచం పక్కకు బాగుంటాయి, గదికి చాలవు, సున్నం రాలే గోడకైతే రెండో రోజే కిందపడతాయి. కరెంటు పోయినప్పుడు కూడా వెలుగు కావాలంటే ఉన్న హోల్డర్‌లోనే బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ బల్బు పెట్టుకోండి, స్విచ్ వేసి ఉండగా కరెంటు పోతే దానంతటదే వెలుగుతూ ఉంటుంది, మూసిన గాజులో మాత్రం పెట్టొద్దు, బ్యాటరీకి వేడి పడదు. తీసేసిన పాత హోల్డర్‌ను స్క్రూలతో సహా కవర్లో కట్టి అటక మీద పెట్టండి, ఖాళీ చేసేరోజు ఓనరు అదే అడుగుతాడు.